పెద్దల్లుడు భోజనానికి కూర్చున్న వేళ

తూర్పున నీలాల రాశి పోసినట్టు సముద్రం, పడమట కనుచూపు మేరా పచ్చని వరిచేలు, నడుమ ఎండలో తళతళలాడే ఇసుకతీరం. ఆ తీరాన మొగలిపొదల ఘుమఘుమల మధ్య తలలు వంచుకుని కూర్చున్న తాటాకు గుడిసెల ఊరు గవ్వలపేట. మాణిక్యపురి రాజ్యపటంలో ఆ ఊరు ఒక చుక్క. అదైనా కావాలని పెట్టింది కాదట. పటం గీస్తూ ఆస్థాన చిత్రకారుడు కుంచె విదిలిస్తే పడిందని ఊరివాళ్ళే చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ చుక్కంత ఊళ్ళో, మాసమ్మ గుడిసె ముందు, కొబ్బరిపీచు కుప్ప పక్కన కూర్చుని తాడు పేనుతున్నాడు ఒక యువకుడు. గోచీ బిగించి, ఒంటినిండా పీచు అంటించుకుని, చేపల పులుసు మరకలతో ఉన్న ఆ మనిషే యువరాజు అరిందముడని బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు. ఊరికి అతడు సింగన్న.

యువరాజుకు ఈ అవస్థ ఎందుకొచ్చిందంటే, ఘూకనేత్రుడనే మాంత్రికుడు అతని తండ్రి ధీరసేన మహారాజు నిద్రను దొంగిలించాడు. నగలు కాదు, ఖజానా కాదు, నిద్ర! పన్నెండేళ్ళుగా రెప్ప మూయకుండా క్షుద్రశక్తులు సాధించిన ఆ గుడ్లగూబ కళ్ళవాడు, మహారాజు నిద్రను ఒక శంఖంలో బంధించి, మూతికి లక్క పోసి, నడిసముద్రంలోకి విసిరేశాడు. ఆనాటి నుంచి మహారాజుకు కునుకు లేదు. కార్తీకం వెళ్ళేలోగా నిద్ర పట్టకపోతే ప్రాణం దక్కదని రాజవైద్యులు తేల్చేశారు. మాంత్రికుడి తల నరికి తెస్తానని అరిందముడు నిండుసభలో మీసం దువ్వి మరీ శపథం చేశాడు. బాగానే ఉంది గానీ, తల తెస్తే నిద్ర వస్తుందా? అప్పుడు ఒక ముని దారి చూపాడు.

"నాయనా, సముద్రుడు తనది కానిదాన్ని కడుపులో దాచుకోడు. పెనుగాలి వేళ గవ్వలపేట ఒడ్డున కక్కేస్తాడు. అక్కడ కాచుకో."

అలా ఆశ్వయుజం మొదట్లో అరిందముడు మాసమ్మ ఇంట పనికి కుదిరాడు. మాసమ్మ ఊరికి పెద్ద. ఆమె మాట గవ్వలపేటకు శాసనం. ఆమె చేతి చేపల పులుసు అంతకన్నా పెద్ద శాసనం.

వచ్చిన పూటే యువరాజు ఒక తప్పు చేశాడు. "అమ్మా, ఈ యేడు తుఫాను ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. మాసమ్మ చేపలు తోముతున్న చేత్తోనే అతని నోరు మూసేసింది.

"ఓలమ్మ! ఏటా మాట? పేరెట్టి పిలిస్తే పలక్కుండా ఉంటాడేటి? పెద్దల్లుడనాల! తెలిసిందా? పెద్దల్లుడు!"

అదీ అక్కడి ఆచారం. అల్లుడికి మర్యాద తక్కువైతే ఎవరి కొంపైనా మునుగుతుంది, ఈ అల్లుడికి తక్కువైతే నీళ్ళలోనే మునుగుతుంది. కనుక గవ్వలపేటలో పెద్దల్లుడంటే ఒక్కడే, ఏటేటా కడలి మీంచి వచ్చేవాడు. ఏ ఇంటి పెద్దకూతురి మొగుడైనా సరే రెండో అల్లుడి కిందే లెక్క. మాసమ్మ పెద్దకూతురి భర్త సూరన్న, సరుకుల ఓడ మీద దూరదేశం పోయి ఏళ్ళు గడిచినా తిరిగిరానివాడు, అతనూ రెండో అల్లుడే. ఊరికి ఉత్తరాన ఉన్న ఎత్తైన ఇసుకదిబ్బ పేరు పీట. లోకంలో అల్లుడొస్తే అతనికి పీట వేస్తారు. ఇక్కడ మాత్రం అల్లుడికి ఊరు అప్పజెప్పి, ఊరివాళ్ళే పీట ఎక్కుతారు.

ఆ రోజులు అరిందముడికి ఎంతో హాయిగా గడిచాయి. అంతఃపురంలో పుట్టినవాడికి ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది కూడా. ఊరంతా పెళ్ళివారిల్లులా సందడి. పాతవలలు కప్పుల మీద పరిచి కట్టేవాళ్ళు కొందరు, తెప్పల దుంగలు విప్పి తాటిచెట్ల మొదళ్ళకు బిగించేవాళ్ళు కొందరు. ఆడవాళ్ళు ఎండుచేపలు, అటుకులు, చింతపండు కుండల్లో పెట్టి, మూతులకు మైనం పూసి, పాటలు పాడుకుంటూ పీట మీదికి మోసేవాళ్ళు. పీటకు రెండు పక్కలా తాటిదుంగలతో, ఇసుకతో గుహల్లాంటి కొట్టాలు కట్టారు. భయం లేదా అంటే ఉంది. అయితే ఆ ఊళ్ళో భయం కూడా పనిలోకి వచ్చి తన వంతు కుండ తను మోసేది.

మాసమ్మ చిన్నకూతురు ముత్తేలు ఒకనాడు యువరాజు పేనిన తాడు ఎత్తి చూసింది.

"ఏటి సింగన్నా, ఇది తాడా, ముసలమ్మ జడా? దీంతో కట్టితే మేకపిల్ల మొగమాటానికి నిలబడాలంతే!"

ఖడ్గవిద్యలో సాటిలేనివాడన్న బిరుదున్న అరిందముడు నోరు మూసుకుని తాడు విప్పి మళ్ళీ పేనాడు. అలా విప్పి పేనీ, పేని విప్పీ, చివరికి ఏనుగును కట్టినా తెగని తాడు ఒకటి తయారుచేశాడు. ముత్తేలు దాన్ని కాలితో తొక్కి, పంటితో లాగి, "పోన్లే, మేకకి పనికొస్తాది" అంది. యువరాజు ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇలా ఉండగా, ఒక ఉదయం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉన్న వేళ, రంగుల తెరచాప ఎత్తిన చిన్న పడవ ఒకటి ఒడ్డుకు వచ్చింది. అందులోంచి దిగినవాడు సాక్షాత్తూ సూరన్న! అదే నడక, అదే గొంతు, నుదుట అదే గాటు, అదే ఎడమచేతి వాటం. పెళ్ళానికి హారం, అత్తగారికి చీర, మరదలికి గాజులు, ఊరికి బుట్టెడు మిఠాయి.

ఇంకెవరు? ఘూకనేత్రుడే! శంఖం ఒడ్డు వైపు కదులుతోందని వాడి మంత్రపుటద్దం చెప్పింది. అల్లుడి వేషంలో వెళ్తే ఒడ్డంతా వెతికినా అడిగేవాడుండడని వాడి ఎత్తు. సూరన్న గురించి ఓడలవాళ్ళ దగ్గర ఆరా తీశాడు. నడక నేర్చాడు, నవ్వు నేర్చాడు. అంతా నేర్చి, గట్టు మీద నిలబడి, గొంతు చించుకుని అరిచాడు.

"అత్తా! ఓ అత్తా! పెద్దల్లుణ్ణి వచ్చాను!"

అంతే. చూపు ఆనని దానయ్య తాత తన అరుగు మీంచి లేచి కంచుపళ్ళెం ధనధనా వాయించాడు. "పెద్దల్లుడొచ్చీసినాడర్రో!" కోళ్ళు గంపల కిందికి, పిల్లలు చంకల్లోకి, మేకలు భుజాల మీదికి చేరాయి. పొయ్యి మీద కుండలు పొయ్యి మీదే ఉన్నాయి. తలస్నానం చేస్తున్నవాడు కుంకుడు నురగతోనే పరుగు తీశాడు. అరిందముడు దానయ్య తాతను వీపున వేసుకుని, తాటిదూలంలో దాచిన కత్తి కూడా మరిచిపోయి, తన తాడు మాత్రం మెడలో వేసుకుని దౌడు తీశాడు. రెప్పపాటులో ఊరు ఖాళీ!

మిఠాయి బుట్ట పట్టుకుని ఘూకనేత్రుడు నోరు తెరిచి నిలబడిపోయాడు. అత్తగారిళ్ళకు చాలామంది అల్లుళ్ళు వెళ్ళారు గానీ, ఇంత మర్యాద ఎవరికీ జరిగి ఉండదు.

పీట మీద జనం ఊపిరి తీసుకున్నారు. చూస్తే గాలి లేదు, వాన లేదు. ఒడ్డున ఒక్క మనిషి బుట్టతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అమ్మా, సూరన్న బావలాగున్నాడే!" అంది ముత్తేలు.

మాసమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో ఒక్కక్షణం ఆశ మెరిసి ఆరిపోయింది.

"మొగం సూరన్నదే. మాట సూరన్నది కాదు. ఈ ఊళ్ళో పెళ్ళాడిన మొగోడెవుడూ సచ్చినా ఆ మాట తన మీదేసుకోడు. వోడెవుడో గానీ మనోడు కాడు."

అరిందముడు పరీక్షగా చూశాడు. ఆ మనిషి ఎండకేసి చూస్తున్నాడు, రెప్ప వాల్చడం లేదు. ఘూకనేత్రుడు! అంటే శంఖం వచ్చేస్తోంది!

"అయితే కిందికి పదండెహె, పొయ్యి మీద నా చారు ఇగిరిపోనాది," అని ఎవరో గొణిగారు. జనం నవ్వుకుంటూ కదిలారు. అంతలో యువరాజు వీపు మీదున్న దానయ్య తాత అతని జుట్టు పట్టి ఆపాడు.

"ఉండండి! సముద్రం ఊపిరి బిగబట్టింది. ఇనబడతలేదేటి?"

నిజమే. కెరటాల హోరు ఆగిపోయింది. పీతలు బారులు తీరి పీట ఎక్కుతున్నాయి. తూర్పున, నీళ్ళకూ ఆకాశానికీ మధ్య, కాటుక గీత లాంటిదొకటి పుట్టి చూస్తుండగానే గోడలా లేచింది.

"పిలిచీసినాడు! సచ్చినోడు పిలిచీసినాడు!" అని మాసమ్మ గుండెలు బాదుకుంది.

పిలిస్తే వచ్చాడో, వస్తున్నవాడికి పిలుపు ఎదురైందో ఎవరు చెప్పగలరు? వచ్చాడు మాత్రం పెద్దల్లుడు! లక్ష ఏనుగులు ఒక్కసారి ఘీంకరించినట్టు ఉత్తరపు గాలి విరుచుకుపడింది. ఆకాశం పగిలి నీరు పడింది. తాటిచెట్లు నేలకు వంగి దండాలు పెట్టాయి. మాసమ్మ ఇంటికప్పు కట్టిన వలతో సహా లేచి, కాసేపు ఆలోచించుకుని, దక్షిణం వైపు చేల మీదికి ఎగిరిపోయింది. జనమంతా పీటకు దక్షిణపు పక్కనున్న కొట్టాల్లో ఒకరినొకరు అదిమి పట్టుకుని కూర్చున్నారు. కొట్టాల దుంగలన్నిటినీ కలిపి బిగించింది సింగన్న తాడు. గాలి దాన్ని పీకింది, మెలితిప్పింది, కూత పెట్టించింది. తాడు తెగలేదు. ముత్తేలు చీకట్లో అతని భుజం తట్టింది.

కింద ఘూకనేత్రుడు ఒక తాటిచెట్టును కావలించుకుని మంత్రాలు చదువుతున్నాడు. గాలి మంత్రాలను నోట్లోంచి ఊడలాక్కుంటోంది. వానకు మొదట సూరన్న మీసం కారిపోయింది, తరువాత గాటు, ఆపైన ముక్కు. చివరికి ఆ గుండ్రటి పసుపు కళ్ళు మాత్రం మిగిలాయి.

ఉన్నట్టుండి గాలి ఆగింది. తలుపు మూసినట్టు చప్పుడంతా తెగిపోయింది. నెత్తిన గుండ్రంగా నీలాకాశం, అందులో సూర్యుడు. ఎక్కడెక్కడి పక్షులో అలసిపోయి వచ్చి పీట మీద వాలాయి.

"అల్లుడు బోజనానికి కూకున్నాడు," అంది మాసమ్మ గొంతు తగ్గించి. "తినీసి లెగిసినాడంటే ఈపాలి దచ్చినం నుంచి కొడతాడు. సముద్రాన్ని ఎంటేసుకొస్తాడు. అందరూ ఆ పక్క కొట్టాల్లోకి మారండి. ఎవుళూ కిందికి దిగకండి."

కానీ అరిందముడు ఒడ్డుకేసి చూస్తున్నాడు. సముద్రం వెనక్కి తగ్గింది. బయటపడిన ఇసుక మీద గవ్వలు, శంఖాలు కుప్పలు కుప్పలుగా మెరుస్తున్నాయి. అతను మాసమ్మ పాదాల దగ్గర మోకరిల్లి, దాచినదంతా చెప్పేశాడు. శంఖం సంగతి, నిద్ర లేక ఎండుటాకులా అయిపోయిన తండ్రి సంగతి చెప్పి, దిగి వెతకనిమ్మని వేడుకున్నాడు.

గవ్వలపేట నిర్ఘాంతపోయింది. ముందుగా తేరుకున్నది ముత్తేలు.

"రాజుకొడుకువా? అందుకేనా మొదట్లో తాడు అలగ పేనినావు!"

మాసమ్మ కళ్ళు తుడుచుకుంది. "కన్నతండ్రి కోసం ఎల్తానంటే ఎలగ కాదంతాను నాయినా? కొట్టాలకి కట్టిన నీ తాడే ఇప్పి నీ నడుంకి కడతాను. ఈ కొస మా చేతుల్లో ఉంటాది. మూడుసార్లు లాగినానంటే అల్లుడు సెయ్యి కడుక్కుంటన్నట్టు. ఏదున్నా ఒగ్గీసి పరిగెట్టు!"

అరిందముడు దిబ్బ మీంచి జారాడు, దొర్లాడు, లేచి పరుగెత్తాడు. కాళ్ళ కింద శంఖాలు! తెల్లవి, ఎర్రవి, పిడికిలంతవి, పిల్లవాడి తలంతవి. ఏది? ఎలా గుర్తుపట్టడం? ఆ మాట ముని చెప్పలేదు, చెప్పవలసిన మాటలు మునులు ఎప్పుడూ చెప్పరు. కుప్పలు కాళ్ళతో చిమ్ముతూ, చేతులతో తవ్వుతూ పోతున్నాడు. అప్పుడు వినిపించింది, నాచు కుప్ప కింద నుంచి, సన్నగా, లయగా.

గురక!

తొలుత రంపపు కోత, మధ్యలో చిన్న ఈల, చివర ఒక నిట్టూర్పు. మాణిక్యపురి రాజసౌధంలో చిన్నప్పుడు తన గదిలోకి గోడలు దాటి వినిపించిన గురక. అది వినిపిస్తే నాన్న ఉన్నాడని ధైర్యం, ఇక భయం లేదని నిద్ర. లక్కమూత బీటల్లోంచి వస్తున్న ఆ చప్పుడు విని, శత్రువును మరిచి, గాలిని మరిచి, యువరాజు శంఖాన్ని గుండెలకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇటు తే!"

వెనకనుంచి బురద చేతులు అతని మెడ చుట్టుకున్నాయి. ఘూకనేత్రుడు! ఇద్దరూ ఇసుకలో దొర్లారు. మాంత్రికుడు గుప్పెడు ఇసుక మంత్రించి విసిరితే అది నిప్పుకణికలై యువరాజు ఛాతీని కాల్చింది. అరిందముడు తలతో కుమ్మాడు. వాడు మోకాలితో తన్ని అతని మీదికెక్కి గొంతు నులిమాడు. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. కత్తి లేదు, ఊపిరి లేదు. చేతిలో ఉన్నది శంఖమొక్కటే. యువరాజు దాన్నే బలంకొద్దీ తిప్పి మాంత్రికుడి చెవి మీద కొట్టాడు. లక్కమూత ఫెళ్ళున ఊడింది. శంఖం మూతి వాడి చెవికి అంటుకుపోయింది.

పన్నెండేళ్ళుగా కునుకెరగని దేహం అది. నెర్రెలిచ్చిన చేను తొలివానను తాగినట్టు శంఖంలోని నిద్రను తాగేసింది. గుండ్రటి కళ్ళు సగం మూతపడ్డాయి. "వద్దు... నా శక్తులు..." అని ఆవులించి, ఘూకనేత్రుడు యువరాజు ఛాతీ మీదే తల వాల్చి పడుకున్నాడు.

అరిందముడు వాణ్ణి తోసి, ఆత్రంగా శంఖం తన చెవికి పెట్టుకున్నాడు. ఉత్త సముద్రపు హోరు, మరేమీ లేదు. శంఖం ఖాళీ! అప్పుడు పక్కనుంచి వినిపించింది. తొలుత రంపపు కోత, మధ్యలో చిన్న ఈల, చివర ఒక నిట్టూర్పు. మాంత్రికుడు మహారాజు గురక పెడుతున్నాడు.

నడుముకున్న తాడు గట్టిగా లాగింది. మళ్ళీ లాగింది. మళ్ళీ.

దక్షిణాన సముద్రం లేచి నిలబడింది. నరకవలసిన తల కాళ్ళ దగ్గరే ఉంది. కానీ వీడు చస్తే నాన్న నిద్ర వీడితోనే చస్తుంది. యువరాజు తిట్టరాని తిట్టు ఒకటి తిట్టి, మాంత్రికుణ్ణి భుజాన వేసుకుని పరుగు లంకించుకున్నాడు. గాలి వీపున చరిచింది. నీళ్ళు మడమలను, పిక్కలను, నడుమును అందుకున్నాయి. పైన గవ్వలపేట గవ్వలపేటంతా, ముసలీ ముతకా సహా, "హైలెస్సా" అంటూ తాడు లాగింది. మేకను కట్టడానికి పనికొస్తుందన్న తాడు ఇద్దరు మనుషుల్ని సముద్రం నోట్లోంచి లాక్కొచ్చి పీట మీద పడేసింది.

సాయంత్రానికి పెద్దల్లుడు వెళ్ళిపోయాడు. ఊరంటూ ఏమీ మిగల్లేదు, ఊరివాళ్ళంతా మిగిలారు. అందరూ ఒకటికి రెండుసార్లు తలకాయలు లెక్కపెట్టుకుని, మేకల్ని కూడా లెక్కలో కలుపుకుని, గంజి కాచుకున్నారు. ఎవరి కప్పు ఎంత దూరం ఎగిరిందో గొప్పలు చెప్పుకుంటూ, ఎండుచేపలు కాల్చుకుంటూ, చాలా సంతోషంగా ఉన్నారు. ఇళ్ళదేముంది, తాటాకు మళ్ళీ మొలుస్తుంది.

"ఈ నిద్దర మా నాన్నకి ఎలా చేరాలమ్మా?" అని అడిగాడు అరిందముడు.

"నిద్దర అంటుజాడ్యం బాబూ," అంది మాసమ్మ. "ఏడిసే గుంటణ్ణి నిద్దరోతున్నోళ్ళ పక్కన తొంగోబెడితే ఊరుకోడా? ఈడ్ని నిద్దర్లోనే తీసుకెల్లి మీ అయ్య పక్కలో తొంగోబెట్టు. దారిలో లెగిసినాడా, నిద్దరా పోతాది, ఈడి మాయలూ తిరిగొస్తాయి."

మర్నాడు పొద్దున్నే వలతో ఉయ్యాల కట్టారు. అందులో మాంత్రికుణ్ణి పడుకోబెట్టి, కొత్త తెప్ప మీదికి అడుగులో అడుగు వేసుకుంటూ మోశారు. తెడ్డు ముత్తేలు పట్టింది. వరదలో చెరువులైన చేలు, కూలిన చెట్లు, తెగిన దారులు, ఆ చివరెక్కడో మాణిక్యపురి. ఊరంతా గట్టు మీద నిలబడి, దీవెనలు కూడా గుసగుసగానే పలికింది.

తెప్ప కదిలిందో లేదో, ఒక ఈగ వచ్చి ఘూకనేత్రుడి ముక్కు మీద వాలింది. గురక ఆగింది. రెప్పలు అదిరాయి, సన్నని పసుపు గీత తెరుచుకుంది. ముత్తేలు తెడ్డు గాల్లోనే ఆపేసింది.

అరిందముడు తాటాకుతో ఈగను తోలాడు. ఆ తలను నరికి తెస్తానని నిండుసభలో శపథం చేసినవాడు, దాన్ని మెల్లగా ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి తనకు పాడిన జోలను వాడి చెవిలో అందుకున్నాడు.